రూబీ పేరున్న పాట

మా వీధిలో ఇస్త్రీ చేసే ఒడెల్లా, పక్కింట్లో జ్వరమొస్తే వాళ్ల దుప్పట్లూ పాడుకుంటూ ఉతికిపెడుతుంది. చనిపోయిన కూతురు రూబీ మీద ఆమె కట్టిన పాటను వెనకటికి మా మిసిసిపీ ఊళ్లు తిరుగుతూ పాటలు సేకరించే ఒకాయన రికార్డు చేసుకున్నాడు. ఎవరు కట్టారని అడిగితే, మా చర్చిలో అందరూ అనే మాటే అంది: "దేవుడిచ్చాడయ్యా." ఇప్పుడా పాటను ఇంగ్లండు కుర్రాళ్ల రాక్ బృందమొకటి తన తొలి ఆల్బంలో పాడింది. ఒడెల్లా మేనకోడలు లొరెయిన్ ఆ రికార్డు అట్ట తిప్పి చూసి మండిపడింది.

"అన్ని పాటలకీ రాసినవాళ్ల పేర్లేశారత్తా. నీదానికి మాత్రం పాత జానపదమట! దేవుడి పేరైనా వెయ్యలేదు."

"పోనీలేవే. పాటలో నా రూబీ పేరుంది, అదే చాలు."

రికార్డు తిరిగింది. ఆ పేరు రావలసిన చోట కుర్రాళ్లు "బేబీ" అన్నారు. ఒడెల్లా మడతపెట్టిన చొక్కాను మళ్లీ విప్పింది.

"నా చెవులు సరిగా పనిచెయ్యట్లేదే. ఇంకోసారి పెట్టు."

లొరెయిన్ ముల్లు మళ్లీ మొదట్లో పెట్టింది.