లేసు కవరు, ఎనభై మిల్లీమీటర్ల కన్నం

2002 ఏప్రిల్‌లో నన్ను రాజమండ్రి నుంచి భీమవరం బ్రాంచికి సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా వేశారు. పేరుకి సీనియర్ అన్నారు గానీ ఆ బ్రాంచిలో జూనియర్ అంటూ ఎవరూ లేరు. మాది కంప్యూటర్లు అమ్మే కంపెనీ. కొన్నవాళ్ల మెషిన్ ఆగిపోతే ఫోన్ చేస్తారు, దాన్ని మేము ‘కాల్’ అనేవాళ్లం. కాల్ రిజిస్టర్‌లో తారీఖు, వారం రాసుకుని, స్క్రూడ్రైవర్ల సంచి తగిలించుకుని మోటార్‌సైకిల్ మీద బయల్దేరాలి. పని అయ్యాక రిపోర్టులో ఫిర్యాదు, కారణం, చేసిన పని అని మూడు గళ్లు నింపి కస్టమర్ సంతకం తీసుకోవాలి. ఆ మూడు గళ్లూ తప్పుల్లేకుండా నింపగలిగినవాడే ఇంజనీరని అప్పట్లో నా నమ్మకం.

మే మొదటి వారంలో పద్మావతిగారి కాల్ వచ్చింది. ఆవిడ ఇంట్లోనే డీటీపీ చేసేవారు, అంటే ప్రెస్సుకు కావలసిన తెలుగు మేటరు కంప్యూటర్‌లో కొట్టి, పేజీ కూర్చి ఇవ్వడం. అప్పుడు పెళ్లిళ్ల కాలం, చేతినిండా శుభలేఖలు. మధ్యాహ్నం రెండయ్యేసరికి మెషిన్ దానంతటదే ఆగిపోతోందనీ, పెళ్లికూతురి పేరు కొట్టి పెళ్లికొడుకు పేరు మొదలుపెట్టేలోపే తెర నల్లబడుతోందనీ చెప్పారు. రొయ్యల చెరువు వరసగా రెండు పంటలు దెబ్బతిన్నాక ఆవిడ భర్త కాకినాడలో ఏదో ఉద్యోగానికి వెళ్లారు. ఇంట్లో ఆవిడా, అత్తగారూ ఉంటారు. ఇల్లు గడిచేది చాలావరకు ఈ పని మీదే, ఆ పని ఇచ్చేది ఒకే ఒక్క ప్రెస్సు. ఇంకోసారి ఆలస్యమైతే పని తణుకు పంపించేస్తానని ప్రెస్సు ఆయన అప్పటికే చెప్పేశారట.

మెషిన్ ఉన్నది రేకుల గది. కంప్యూటర్ టేబుల్‌కి కింద పెట్టెలాంటి అర ఉంటుంది కదా, క్యాబినెట్, అంటే కంప్యూటర్ డబ్బా, దాంట్లో ఇరికించి ఉంది. దాని మీద చక్కటి తెల్లని లేసు కవరు. అత్తగారు స్వయంగా అల్లినదట. మెషిన్ నడుస్తున్నప్పుడు కూడా అది తియ్యరు. ఆన్ చేయగానే వచ్చే సెట్టింగుల తెరలో ప్రాసెసర్ వేడి ఎంతో కనిపిస్తుంది. డెబ్బై ఎనిమిది డిగ్రీలు ఉంది. అంత వేడెక్కితే మెషిన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. కారణం దొరికింది కాబట్టి నేను కాస్త దర్జాగానే ఆజ్ఞలు జారీ చేశాను. అర లోంచి బయటికి లాగాలి, ఆ కవరు మళ్లీ దాని మీద కనిపించకూడదు అన్నాను. అత్తగారు మారుమాట లేకుండా కవరు తీసి, మడిచి, బీరువాలో పెట్టేశారు.

డెబ్బై రెండుకి దిగింది, అంతే. క్యాబినెట్ పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూస్తే అరవై. అంటే గాలి నేరుగా ప్రాసెసర్‌కి తగలాలి. ఆ రోజుల్లో మామూలు క్యాబినెట్‌కి వెనక కరెంటు సప్లై డబ్బాలో ఉండే ఒక్క ఫ్యానే దిక్కు. రేకుకు కన్నం కోసి ఇంకో ఫ్యాన్ పెడతానని మేనేజరుగారిని ఫోన్‌లో అడిగాను. రిపోర్టులో ఆ పనికి గడి లేదన్నారాయన. వారంటీ ఎలాగూ అయిపోయింది కనక, ఆదివారం నాడు నా సొంత పనిగా చేశాను.

పక్క రేకు ఒక్కటే మా ఇంటికి తెచ్చుకున్నాను. లోపల బోర్డు ఉండగా రేకు కోయకూడదు, ఒక్క ఇనుప రజను పడినా బోర్డు పోతుంది. ప్రాసెసర్‌కి ఎదురుగా ఎనభై మిల్లీమీటర్ల గుండ్రం గీసి, గీత వెంట దగ్గరదగ్గరగా బెజ్జాలు వేసి, మధ్య ముక్కను ఆకురాయితో విడదీసి నున్నగా చేశాను. డ్రిల్లు మిషను మా వీధి చివర, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే షాపులో అడిగి తెచ్చాను. “రొయ్యలకైతే గాలి పెడతాం. దీనిక్కూడా పెట్టాలాండీ?” అన్నాడు షాపతను. పెట్టాలన్నాను. అంచుకు సైకిల్ ట్యూబు చీల్చి తొడిగి, ఫ్యాను లోపలికి గాలి తోసేటట్టు బిగించి, జాలీ వేశాను. సాయంత్రానికి వేడి యాభై తొమ్మిది. ఆ నెలంతా మెషిన్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను కనపడిన ప్రతివాడికీ ఆ కన్నం గురించి చెప్పాను.

జూన్ చివర్లో మళ్లీ కాల్. విప్పి చూస్తే ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను రెక్కలకు గోధుమరంగు జిగురు, దాని మీద నూగు. వీధి వైపు కిటికీ చూపించి, “మెషిన్ దగ్గర కాస్త శుభ్రంగా ఉంచుకోవాలండీ,” అన్నాను, అత్తగారి ముందే. పద్మావతిగారు తల వంచుకుని విన్నారు. కారణం గడిలో ‘దుమ్ము’ అని రాస్తే సంతకం పెట్టారు.

ఆషాఢం చివర్లో మూడోసారి. శ్రావణ ముహూర్తాల శుభలేఖలన్నీ ఒక్కసారిగా వచ్చి పడిన రోజు అది. నేను వెళ్లేసరికి ప్రెస్సు మనిషి వచ్చి రాతప్రతులన్నీ పట్టుకుపోయాడు, తణుక్కి. పద్మావతిగారు ఖాళీ టేబుల్ తుడుస్తూ, “బాగవుతుందాండీ?” అని మాత్రం అడిగారు.

ఫ్యానుకు మళ్లీ పట్టిన అదే జిగురు తుడిచి, మెషిన్ నడిపించి, ఆఫీసుకొచ్చి రిజిస్టర్ తిరగేశాను. కన్నం కోశాక వచ్చిన రెండు కాల్సూ శనివారమే. దుమ్ముకి వారాలతో పనేముంది? ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం, ఎవరూ పిలవకుండానే వెళ్లాను.

పద్మావతిగారు ఏదో స్కూలు కరపత్రం కొడుతున్నారు. అత్తగారు సాంబ్రాణి ధూపం పట్టుకుని దేవుడి గదిలోంచి వచ్చి, తిన్నగా మెషిన్ దగ్గర ఆగి, నేను కోసిన కన్నం ముందు పెట్టారు. పొగ పాయలా కన్నంలోకి పోతోంది. “చూడండి బాబుగారూ, ఎంత చక్కగా పీల్చుకుంటోందో,” అన్నారు, నాకు ఆనందం కలుగుతుందని. ఆ పొగలోని జిగురు రాత్రంతా ఆరి గట్టిపడుతోంది. నూగు బాగా పేరుకున్న వారం, తెల్లారి ఫ్యాను తిరగనంటోంది.

ఇదెప్పటి నుంచండీ అని అడిగాను.

“మీరు కవరు తీసేయమన్న కాణ్ణించేనండి. అన్నం పెట్టే వస్తువు కదండీ, దిష్టి తగలకుండా కప్పి ఉంచేదాన్ని. గుడ్డ వద్దన్నారు, మరి ధూపమైనా వెయ్యొద్దాండీ?”

వేడికి నేను చేసిన వైద్యమే జబ్బు తెచ్చింది. పైగా దానికి కోడల్ని నిందించాను. ఆ రోజన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడే పద్మావతిగారికి అసలు కారణం చెప్పి, తప్పు నాదేనన్నాను. పరిష్కారం చెప్పింది అత్తగారే. ఇక ప్రతి శుక్రవారం ధూపానికి ముందు మెషిన్ ఆపి, బీరువాలోంచి లేసు కవరు తీసి కన్నం మూసేలా కప్పేవారు. పొగ పోయాక తీసేవారు. ఆ తర్వాత వాళ్లింటి నుంచి వేడికి కాల్ రాలేదు. ప్రెస్సు పని దసరాకి సగం తిరిగొచ్చింది, సగం తణుకులోనే ఉండిపోయింది.

రిటైరయ్యేదాకా నేను చాలా క్యాబినెట్లకు కన్నాలు కోశాను. ప్రతిచోటా దేన్నయినా తీసేయమనే ముందు, అది అక్కడ ఏ పని చేస్తోందో ఇంటివాళ్లనే అడిగేవాణ్ణి. రిపోర్టులో దానికి గడి లేదు. కాగితం వెనక రాసేవాణ్ణి.