హనుమంతప్ప సగం లాను

హనుమంతప్పకు పని మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు. బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఎక్కిన ప్రతి బస్సునూ చివరి స్టాపు దాకా చేర్చిన మనిషే. ఇంటి పనుల్ని మాత్రం నడిదారిలో దించేసి వెళ్ళిపోతాడు. ఆయన భార్య సువర్ణకు ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది కానీ, అప్పటికే ఆలస్యమైంది.

కళ్యాణదుర్గంలో వాళ్ళ ఇంటికి వెళ్తే మొదట గేటు కనిపిస్తుంది. దానికి ఒక రెక్కే ఉంటుంది. రెండోది గోడకు ఆనుకుని తన వంతు కోసం చూస్తూ ఉంటుంది. వంటింట్లో ఒక గోడకు పచ్చరంగు, మిగతా మూడింటికీ పొగరంగు. పడమటి గదిలో గోడకు మర సగమే తిప్పి వదిలేసిన కొక్కెం ఒకటుంది. దానికి తువ్వాలు తగిలించాలన్నా దేవుణ్ణి తలుచుకోవాలి. పోనీ పనివాణ్ణి పిలుద్దామంటే హనుమంతప్ప ఒప్పుకోడు.

"వానికి దుడ్లు దండగ. నేనుండా కదా."

"నువ్వుండావనే కదప్పా నా భయం."

"రేపు చూస్తాలే."

ఆ రేపు కోసం ఎదురుచూడటంలోనే సువర్ణ తల నెరిసింది.

రిటైరయిన ఏడాది హనుమంతప్ప బంధువులతో లేపాక్షి వెళ్ళాడు. అందరూ నందిని చూసి వచ్చారు. ఈయన ఒక హోటలు ముందున్న పచ్చిక చూసి వచ్చాడు. వచ్చీ రాగానే వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి, "ఈడ లాను వేస్తాండా" అని ప్రకటించాడు.

"తాగేకి నీళ్ళు లేవు, లానంట" అంది సువర్ణ. కొళాయి వచ్చే రోజు వీధి వీధంతా బిందెలు వరస పెట్టుకుని కూర్చునే ఊరు మరి.

"స్నానం నీళ్ళు పోస్తా. గడ్డికి దుడ్లు పెట్టేది లేదు. గరిక తెచ్చి నాటుతా. గరిక సచ్చేది నువ్వు యాడన్నా చూసినావా?"

గరిక కోసం ఊరి బయట బయ్యన్న శెనక్కాయ చేనికి సంచి పట్టుకుని వెళ్ళాడు. బయ్యన్న ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మా తాత కాలం నుంచి దీని వేరు తీసేకి సస్తాండాం. నువ్వు ఇంటికి తీస్కపోయి పెంచుతావా? ఒళ్ళు బాగుండాదా అన్నా?" అంటూనే సంచి నిండా కూరి ఇచ్చాడు. కావాలంటే చేనంతా ఊడ్చుకుపొమ్మన్నాడు. ఉత్తపుణ్యానికి దొరికింది కాబట్టి హనుమంతప్ప లెక్కలో అది ప్రపంచంలోకెల్లా మేలురకం గడ్డి.

ఎండ తగిలే గోడవారన గరిక బాగానే పాకింది. వేపచెట్టు నీడలో మాత్రం నాలుగు పోచలు పాలిపోయి నిలబడి, మిగతా నేలంతా ఆయన నడినెత్తిలా నున్నగా మిగిలింది. ఇక హనుమంతప్ప వైద్యం మొదలైంది. నీడ తగ్గించాలని నిచ్చెన వేసి, చేతికందిన కొమ్మలు కొట్టి, నిచ్చెనను చెట్టుకే వదిలేశాడు. ఇప్పుడు దాని మీద కాకరతీగ కాపు కాస్తోంది. నేల గట్టిపడిందని, పాత చెప్పుకు ఇనుప సీలలు దిగ్గొట్టి నేలంతా గుచ్చుతూ తిరిగాడు. రెండో చెప్పుకు రేపు కొడతానన్నాడు కాబట్టి కుంటుకుంటూ తిరిగాడు. శెనక్కాయ పొట్టు కుళ్ళబెట్టి ఎరువు చల్లాడు. స్నానాలగది నుంచి గొట్టం వేశాడు, అది సగం దూరం వచ్చి ఆగింది.

చివరికి బీరువా అద్దం ఊడదీసి, గోడకు ఆనించి, ఎండను నీడలోకి మళ్ళించాడు. ఆ ఎండ గడ్డిని వదిలేసి ఎదురింటి వనజాక్షి కళ్ళల్లో పడింది. ఆమె వచ్చి నాలుగు దులిపాక అద్దాన్ని పక్కకు తిప్పాడు కానీ బీరువాకు మళ్ళీ బిగించలేదు. అప్పటినుంచి సువర్ణ లానులో నిలబడి బొట్టు పెట్టుకుంటోంది.

మొక్కల నర్సరీ నడిపే ఆనంద్ దారిన పోతూ ఇదంతా చూశాడు. "నీడలో గరిక రాదన్నా. ఆ మేరకు బండలు పరిస్తే పీడా పోతాది. మా ఇంటికి తెప్పించినవి మిగిలినాయి, ఊరికే ఇస్తా."

ఊరికే అన్న మాటకు హనుమంతప్ప కళ్ళు మెరిశాయి. అయినా అలవాటు కొద్దీ, "రేపు చూస్తాలే" అన్నాడు.

అంతలో తిమ్మక్క వచ్చింది. తిమ్మక్క సువర్ణ తల్లి. కుందుర్పి పక్క పల్లెలో వానకు ఆమె ఇంటి గోడ పడిపోతే, కూతురు బతిమాలి పిలుచుకొచ్చింది. ఊహ తెలిసినప్పటినుంచీ శెనక్కాయ చేలల్లో కలుపు తీసిన మనిషి. పైగా ఇది అల్లుడి ఇల్లు. ఆ కాలపు అత్తలు అల్లుడి ఎదుట కూర్చోరు, నేరుగా మాట్లాడరు. అల్లుళ్ళూ అంతే. "మీ అమ్మ కాఫీ తాగిందేమో అడుగు" అని తిమ్మక్కకు వినబడేలా ఆయనంటాడు. "తాగినానని చెప్పు" అని ఆయనకు వినబడేలా ఆమె అంటుంది. మధ్యలో ఉన్న సువర్ణ నోరు తెరిచేలోపే మాటలు అయిపోతాయి.

తిమ్మక్క తన బట్టల సంచి విప్పలేదు. ఆ సగం కొక్కేనికే తగిలించి, పొద్దున లేస్తూనే "ఈ పొద్దు పోతా సువర్ణా" అనేది.

"యాడికి పోతావు? గోడ పడిండాది కదా."

"పడనీ. అల్లునింట్లో తేరగా కూర్చోని తినేకి నాకు ముద్ద దిగదు."

నిజంగానే దిగేది కాదు. పళ్ళెంలో సంగటి సగానికి సగం మిగిలిపోయేది. తల్లికి ఏదైనా పని చెబుదామంటే, గ్యాసు పొయ్యి అంటే ఆమెకు భయం, బట్టలేమో మిషను ఉతుకుతుంది. ఇలాగే తిండి మానేసి ఏదో ఒక రోజు చెప్పకుండా బస్సెక్కి, ఆ పడిపోయిన ఇంటికే వెళ్ళిపోతుందని సువర్ణ బెంగ.

ఒక ఉదయం సువర్ణ వాకిట్లోకి వచ్చి కొయ్యబారిపోయింది. తిమ్మక్క వేపనీడలో గొంతుకూర్చుని, హనుమంతప్ప ముందురోజు నాటిన గరికను వేళ్ళతో సహా పీకి కుప్ప పెడుతోంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఎంత కలుపో చూడు. మగమనిషి ఉండే ఇల్లేనా ఇది?"

ఆ పూట తిమ్మక్క ముద్దంతా తిని, ఇంకో ముద్ద వేయించుకుంది. అది లాను అని చెప్పడానికి సువర్ణకు ఇక నోరు రాలేదు. మరి మొగుడికేం చెప్పాలి? "ఎనక వీధి రూతు వాళ్ళ మేక వచ్చి మేసిపోయింది" అంది. గేటుకు ఒక రెక్కే ఉండబట్టి అబద్ధం అతికింది.

హనుమంతప్ప వంగి బోడినేలను పరీక్షగా చూశాడు. "వేరుతో సహా మేసిందే. పనిమంతురాలు" అని సంచి తీసుకుని బయ్యన్న చేనికి నడిచాడు.

మళ్ళీ నాటాడు, మళ్ళీ మేక వచ్చింది. అడిగినప్పుడల్లా సువర్ణ దానికి ఒక రంగు, రెండు కొమ్ములు, ఒక కుంటికాలు తగిలిస్తూ పోయింది. ఒకసారి పిల్లను కూడా వెంట తోలుకొచ్చిందని చెప్పాల్సి వచ్చింది. "తిననీలే పాపం" అనేవాడు హనుమంతప్ప. గేటుకు రెండో రెక్క పెట్టమంటే, రేపు చూస్తాననేవాడు. మొండితనానికైనా హద్దుండాలని సువర్ణ పళ్ళు నూరుకునేది. నీడలో రాదని ఊరంతా చెప్పినా మానడు, నాటిందంతా పోతున్నా మానడు. ఎప్పుడో ఒకప్పుడు తన తల్లి గరిక పీకడం కళ్ళారా చూస్తాడు. ఏదో ఒక మాట అంటాడు. ఆ మాటతో అమ్మ సంచి తీసుకుంటుంది.

అందుకే, హనుమంతప్ప అనంతపురంలో పెళ్ళికి వెళ్ళిన రోజు సువర్ణ ఆనంద్‌కు కబురు పెట్టింది. బండలు పరిస్తే గరిక ఉండదు, మేక ఉండదు, అబద్ధాలతో పని ఉండదు. ఆనంద్ ట్రాక్టరులో బండలు తెచ్చి వేపచెట్టు కింద దింపాడు.

తిమ్మక్క వాటిని చూసింది. లోపలికి వెళ్ళి సంచి లాగింది. సంచితో పాటు కొక్కెం కూడా ఊడి చేతికొచ్చింది.

"ఇంగ నాకేం పనుండాది ఈడ? కుందుర్పి బస్సు ఎప్పుడుండాదో కనుక్కో."

సువర్ణ గడపకు అడ్డం నిలబడి బతిమాలుతుండగానే హనుమంతప్ప ఉన్న ఒక్క రెక్కా తోసుకుని వచ్చాడు. బండల్ని చూశాడు. అత్త చేతిలోని సంచిని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రేపు అనలేదు.

"ఆనంద్, బండలు ఎక్కించు. ఇప్పుడే."

"ఊరికే ఇస్తాంటే వద్దంటావేమన్నా?"

"బండల మీద కలుపు మొలుస్తాదా?"

"కలుపేంది?" అంది సువర్ణ.

హనుమంతప్ప గొంతు తగ్గించాడు. "రూతు మేకను అమ్మి ఏడాదాయ. నా చేతుల్తోనే బండికెక్కించినా. నువ్వు దానికి పిల్లను కూడా పుట్టించినావు."

"తెలిసీ ఎందుకు నాటుతాంటివప్పా?"

"మీ అమ్మ ముద్ద తింటాండాదా లేదా?"

ఆ ఒక్క మాట అని చొక్కా చేతులు మడిచి బండలెత్తడం మొదలుపెట్టాడు. ఆనంద్ ఒక చేయి వేసినా, చివరి బండ ఎక్కేదాకా హనుమంతప్ప ఆగలేదు. ఆయన ఒక పనిని ముగించగా సువర్ణ చూడటం అదే మొదలు. కొన్నేళ్ళుగా ఆయన మీద దాచుకున్న కోపంలో చాలా భాగం ఆ ట్రాక్టరుతో పాటే వెళ్ళిపోయింది.

తలుపు చాటు నుంచి తిమ్మక్క గొంతు వినిపించింది. "సువర్ణా, మీ ఆయనకు చెప్పు. కలుపు యాడన్నా సాళ్ళు పట్టి మొలుస్తాదా? జానకొకటి, దారం పట్టినట్ల? నాకు రెండో తూరే తెలిసిపోయింది."

హనుమంతప్ప వేపచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇంగోటి కూడా చెప్పు. అంత పైపైన నాటొద్దని చెప్పు. పట్టుకుంటే ఊడొస్తాది. కలుపు తీసినట్లే ఉండదు."

"లోతుగా నాటుతానని చెప్పు" అన్నాడు హనుమంతప్ప వేపచెట్టుతో.

ఇన్నాళ్ళూ ఆ మేకను కష్టపడి మేపింది తనొక్కతేనని సువర్ణకు అప్పుడు అర్థమైంది.

సంచి తగిలించడానికి ఇక కొక్కెం లేదు. అందుకని తిమ్మక్క తన చీరలు ఒక్కొక్కటే తీసి, మడతలు సరిచేసి, అద్దం లేని బీరువాలో పెట్టుకుంది.

"ఆ కొక్కెం మళ్ళా బిగిస్తావా?" అంది సువర్ణ.

"రేపు చూస్తాలే."

సువర్ణ ఆ కొక్కెం మాట మళ్ళీ ఎత్తలేదు.