జపాన్ గుడిలో మూడో భోజనం

కాదు, మామ్మకి చెప్పడం తప్పేమీ కాదు. ఆ ముసలి ప్రాణానికి ఫోటో ఎందుకు చూపించావని పెదనాన్న నెల రోజులుగా నన్ను సాధిస్తూనే ఉన్నాడు. దెయ్యాలంటే ఈ ఇంట్లో అందరికన్నా ముందు నవ్వేది నేనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది మలేషియాలో సుంగై సిపుట్. మామ్మ, అంటే మా నాన్నకి అమ్మ, ఇక్కడి రబ్బరు ఎస్టేటులోనే పుట్టింది. ఆమె చంటిపిల్లగా ఉన్నప్పుడు యుద్ధం రోజుల్లో జపాన్ సైన్యం వాళ్ళ నాన్నని సయాం, అంటే థాయ్‌లాండ్, అడవుల్లో రైలు దారి వేసే పనికి లారీలో ఎక్కించుకుపోయింది. ఆయన మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో, ఏ రోజు పోయాడో చెప్పినవాళ్ళు లేరు. రోజు తెలియనివాడికి తద్దినం ఎలా పెడతామని, మా ఇంట్లో ఆయన పేరున ఒక్క ముద్ద కూడా పెట్టలేదు. ఎవరి తద్దినమైనా సరే, ఆ రోజు మామ్మ అన్నం సరిగా తినదు.

అలాంటి మనిషికి జపాన్ వెళ్తున్నానని ఎలా చెప్తాను? పిన్ని కూతురు కవితా నేనూ గుళ్ళు చూద్దామని, అక్కడి తిండి తిందామని బయల్దేరాం. కొండ మీద ఒక చిన్న గుడిలో బస. ఫోన్‌లో స్టోరీ పెట్టాను. దాన్ని ఎవరో మామ్మకి చూపించారు. సాయంత్రానికల్లా కాల్ వచ్చింది.

"మా అయ్యని మింగేసిన దేశంలో కూకొని తింటన్నావేటే?"

నాకు చిర్రెత్తింది. "అయితే ఆయన్నీ పిలుస్తాను మామ్మా, కలిసే తింటాం," అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక భోజనాల గదికి వెళ్ళాం. ఆ రోజు బసలో ఉన్నది మేమిద్దరమే. చాప మీద పొట్టి బల్లలు మాత్రం మూడు. ఒక్కోదాని మీద అన్నం, గుమ్మడికాయ కూర, సోయా పులుసు, ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు ఒకటి. ఫోటో తీశాను.

మేమిద్దరమేనని వడ్డించిన పెద్దావిడకి రెండు వేళ్ళు చూపించాను. ఆవిడ నా ఫోన్‌లో ఏదో మాట్లాడింది. అనువాదం ఇలా వచ్చింది: మీ అన్నయ్య గుమ్మం దగ్గరే కూర్చున్నారు, లోపలికి రమ్మనండి.

నాకు అన్నయ్య లేడు. యాప్ తప్పనుకున్నాం. అయినా ఇద్దరం గుమ్మం దాకా వెళ్ళి చూశాం. మా రెండు జతల చెప్పులే ఉన్నాయి. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాం. ఆవిడ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది.

మూడో బల్ల మీద అన్నం లేదు, కూరా లేదు. తినే పుల్లలు కాగితంలోంచి తియ్యనే లేదు. పుల్లటి పండు పెట్టింది పెట్టినట్టే ఉంది. దానికీ ఫోటో తీశాను.

ఇంటికొచ్చాక, ఫోన్‌లో అన్న మాటకి క్షమించమని మామ్మ పక్కన కూర్చున్నాను. అక్కడ వాళ్ళ నాన్నకి భోజనం పెట్టారని, తిన్నాడని మాత్రం చెప్పాను. ఫోన్ ఇంకా బయటికి తియ్యలేదు.

మామ్మ ఒక్కటే అడిగింది.

"పులుపు ముట్టినాడా?"

ఆ పండు సంగతి కవితకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. "ఎందుకలా అడిగావు?" అన్నాను.

"పులుపు పంటికి తగిల్తే కంచం ముందు నుంచి లెగిసిపోయేవోడట. మాయమ్మ సెప్పేది."

అప్పుడు ఫోటో చూపించాను. వేలితో పెద్దది చేసుకుని చూసింది. ఆ పెద్దావిడ ఆయన్ని నాకు అన్నయ్య అనుకుందని చెప్పాను.

"మరి నీ ఈడోడే గదే. నేను ముసిల్దాన్నయిపోనాను, మా అయ్య అక్కడే ఆగిపోనాడు," అంది.

పెదనాన్న ఊరుకోలేదు, మాట చివర మలయ్ 'లా' తగిలించి కొట్టిపారేశాడు. "గుళ్ళో పిల్లేదో తినుంటది లా. వదిలెయ్ అమ్మా."

"గుమ్మడికాయ తినే పిల్లి ఏ ఊర్లో ఉందిరా?" అంది మామ్మ.

గుడివాళ్ళకి మెయిల్ పెట్టాను. ఆ రోజు అతిథులు ఇద్దరేనని జవాబొచ్చింది. ఆ అన్నం ఎవరు తిన్నారో నాకిప్పటికీ తెలీదు. మామ్మ మాత్రం ఆ రోజు తిథి ఏమిటో పంతులుగారిని అడిగి క్యాలెండర్ మీద గుండ్రంగా గీసుకుంది. ఏటా ఆ తిథికి వాళ్ళ నాన్నకి అన్నం పెడుతుందట. తద్దినమంటే పోయిన రోజుకే గానీ తిన్న రోజుకి కాదని పెదనాన్న వాదన. పోయిన రోజు ఎవరికీ తెలియని మనిషికి, తిన్న రోజు చాలదనేవాళ్ళెవరైనా ఉంటే, మామ్మ ఎదురుగా నిలబడి ఆ మాట అనగలరా?