బల్లకు దిగిన చీలలు

సారయ్య వరంగల్ ధాన్యం మార్కెట్లో హమాలీ. క్వింటాలు బస్తా వీపున వేసుకుని లారీ ఎక్కే మనిషి. 1978 ఎండాకాలంలో నెట్టుగా పేర్చిన బస్తాలు కూలి అతని మీద పడ్డాయి. పెద్ద దవాఖానలో చాలా రోజులుండి ఇంటికొచ్చేనాటికి నడుము కింద స్పర్శ లేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అతని భార్య రాజక్కను వరండాలోకి పిలిచి, "కాళ్లు ఇక రావమ్మా" అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. లోపలికొచ్చి మగడితో మాత్రం "జర టైం పడుతదట" అంది.

నులక మంచం కుంగితే నడుముకు మంచిది కాదన్నారు. సారయ్య జోడు హమాలీ యాకయ్య, మూతబడ్డ చాయ్ హోటల్లోని వెడల్పాటి బల్ల తెచ్చి వాకిట్లో చూరు కింద వేశాడు. ఒట్టి చెక్క. దాని మీద పడుకుని సారయ్య దారిన పోయేవాళ్లందరినీ పలకరించేవాడు.

"దసర కల్ల మళ్ల మార్కెట్ల ఉంట."

"నీ జాగ ఎవ్వనికియ్యలే, జల్ది రా" అనేవాడు యాకయ్య. ఆ మాటలు వినపడినప్పుడల్లా రాజక్క ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది.

ఒకనాడు ఒళ్లు తుడుస్తుంటే తుంటి దగ్గర పుండు కనిపించింది. చెక్క ఒరిసి తోలు లేచిపోయినా అతనికి తెలియనే లేదు. కింద మెత్తగా ఉండాలని దవాఖానలో నర్సమ్మ చెప్పింది. రాజక్క బొంత పరిచింది. అది జారి ముడతలు పడి, ఆ ముడతలే పుండుకు ఒత్తుకున్నాయి.

ఆమె దూది మిల్లులో కూలికి పోయేది. అక్కడ అడిగి ఇంత దూది తెచ్చుకుంది. చేత్తో విప్పి, గింజలు ఏరి, గోనెసంచి మీద పొరలు పొరలుగా పరిచింది. పైన పాత జంపఖానా వేసి, దూది ఒక్కచోటికి చేరకుండా దబ్బనంతో అడ్డంగా నిలువుగా కుట్లు వేసింది. సారయ్య చూస్తూనే ఉన్నాడు. చలికాలానికి పరుపు అనుకున్నాడు.

రాజక్క యాకయ్యను పిలిచింది, ఇద్దరూ కలిసి సారయ్యను నులక మంచం మీదికి మార్చారు. యాకయ్య పనికి పోయాక ఆమె తను కుట్టిన మెత్తను బల్ల మీద పరిచి, అంచు కిందికి లాగి, సుత్తె, చీలలు తీసింది.

"చీలలెందుకే?"

"జారకుంట."

"దసరకు నేను లేస్తె మళ్ల ఎవలు పీకుతరు?"

రాజక్క చెయ్యి ఆగిపోయింది. లేస్తవులే అనాలి. అనలేక చీల కింద పెట్టింది. అది చూసి అతనికి అంతా అర్థమైంది.

"నీకెవలు చెప్పిండ్లు?"

"డాక్టర్."

"ఎప్పుడు?"

"ఇంటికొచ్చే నాడే."

"యాకనికి ఎరికేనా?"

ఆమె తలూపింది. సారయ్య ముఖం గోడకు తిప్పుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి "నన్ను బల్ల మీద ఎయ్యి, ఆ మెత్త తీసెయ్" అన్నాడు. ఆమె ఎంత బతిమాలినా వినలేదు. మళ్లీ ఒట్టి చెక్క మీదే పడుకున్నాడు. పుండు చీము పట్టింది, జ్వరం కాసింది. రాజక్కకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి.

"నా మీద కోపముంటె నన్ను కొట్టు. నీ పానం తీసుకుంటె నేనెట్ల బతుకుత?"

అతను చివరికి "కొట్టుకో నీ చీలలు" అన్నాడు.

అతన్ని మళ్లీ మంచం మీదికి చేర్చి, ముందు నడుమ, తర్వాత మూలలు, గుడ్డ బిగలాగి కొట్టింది. ప్రతి దెబ్బకూ మంచం మీద అతను కళ్లు మూసుకోవడం చూస్తూనే కొట్టింది.

పుండు మానడానికి చలికాలం దాకా పట్టింది. యాకయ్యతో సారయ్య చాన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత "కూసో" అనడం మొదలుపెట్టాడు కానీ వెనకటి పరాచికాలు మళ్లీ రాలేదు. 1985లో పోయేదాకా ఆ మెత్త మీదే ఉన్నాడు. దూది గడ్డకట్టినప్పుడల్లా రాజక్క విప్పి, ఎండబెట్టి, మళ్లీ బిగించేది.

ఆమె దవాఖాన నుంచి మందులు తెచ్చిన ప్రతిసారీ అతను ఒకటే అడిగేవాడు: "ఏమన్నడు? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమె ఉన్నదే చెప్పేది. అయినా అతను ఆమె ముఖంలోకి చూస్తూనే ఉండేవాడు.