పలికే మనిషి

ప్రోగ్రాం ముక్కలు ఒకదానితో ఒకటి అతకక లింకర్ ఎర్రర్ వస్తే ఇప్పటికీ నాకు గోటితో స్క్రీన్ మీద తట్టిన చప్పుడే వినిపిస్తుంది. ఆ గోరు, బందరు ఆఫీసులో నాకు పని నేర్పిన గిలకలదిండి ఊరి అక్కది.

పడవల్లో చేపల వేటకెళ్లేవాళ్ల పేర్లు చూపే కన్సోల్ ప్రోగ్రాంలో తెలుగు అక్షరాలు రావాలని ఓ కొత్త లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, కలిపాం. లింకు కాలేదు. "పేరు పెట్టి పిలిచాం, పలికే మనిషి లేడు," అంటూ అక్క ఆ ఎర్రర్ మీద తట్టేది.

లింకు చేసే కమాండ్‌లో లైబ్రరీ పేరుని, దాన్ని పిలిచే మా ఫైళ్ల కంటే ముందు రాయడమే తప్పని చివరికి తనే పట్టుకుంది. "పిలిచాకే కదరా పలికేది!" అని దాన్ని వెనక్కి జరిపింది. లింకైంది.

సరిచూడ్డానికి, అలా వేటకెళ్లి తిరిగిరాని తన తమ్ముడి పేరు కొట్టింది. నల్లటి తెర మీద తెలుగులో తేలింది. అక్క దాని మీద తట్టింది. ఆగి, మళ్లీ తట్టింది.

"వచ్చేసిందక్కా!" అన్నాను.

"పేరొచ్చింది," అంది.