పక్కింటి ఆంటీ, ఎవరూ కూర్చోని కుర్చీ

ఇందుమూలముగా న్యూజీలాండ్ మనురేవాలోని మా వీధి వాస్తవ్యులకూ, వారి కుక్కలకూ పిల్లులకూ తెలియజేయడమేమనగా: ఇకమీదట చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలో ఎవరి బుర్రతో వారే గుర్తుంచుకోవలెను. కంచె దాటి అవతల పడిన నిమ్మకాయ ఎవరికి చెందునను వివాదములు ఇకపై విచారణకు స్వీకరింపబడవు. తోటలో నిలబెట్టిన మరుగుజ్జు బొమ్మలను ఎవరు ఏ దిక్కుకు తిప్పిననూ అడుగువారు లేరు.

ఎందుకంటే ఈ శాఖలన్నిటికీ మంత్రిగా ఉన్న మా పక్కింటి ఆంటీ కిందటి నెల పోయింది.

మా ఆవిడ ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు ఆంటీ కళ్ళలో చుక్కలు వేసి వెళ్ళేది. ఆ పొద్దున వెళ్ళినది వెళ్ళినట్టే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, ఆంటీ వెళ్ళిపోయింది" అంది. ఎన్నో చావులు దగ్గరుండి చూసిన మనిషి, మామూలుగానే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. బల్ల మీద రెండు కప్పులున్నాయట. ఆంటీ ముందున్న కప్పులో టీ అంచుదాకా అలాగే ఉంది. ఎదురుగా ఎవరూ కూర్చోని కుర్చీ ఉంది చూశారా, దాని ముందున్న కప్పు ఖాళీ. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గుమ్మం పట్టుకుంది.

ఆ కుర్చీ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన తెలుగు సంఘం పత్రికలో ఎవరు పోయినా 'తీరని లోటు' అని రాసే పెద్దమనుషులున్నారు. వాళ్ళకి ఆంటీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, పదో తరగతి మూడుసార్లు రాసి మూడుసార్లూ పరీక్షను ఓడించినవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

మేము ఈ ఇంట్లోకి మారిన రోజున ఆవిడ కంచె దగ్గరికి వస్తే, నేను "హలో ఆంటీ" అన్నాను. నేను నీకు ఎటునుంచి ఆంటీని, మీ నాన్న వైపా, మీ అమ్మ వైపా, అని నిలదీసింది. మావాళ్ళకి వయసైన ఆడవాళ్ళందరూ ఆంటీలేనని చెప్పాను. ఇలాగైతే మీ వంశవృక్షం గీసేవాడికి పిచ్చెక్కుతుందని నిట్టూర్చింది. పక్కింటికొచ్చినవాడి వంశవృక్షం గురించి ఈవిడకెందుకు బాధ అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడకి ఉన్న బాధంతా అదేనని.

ఆవిడ తోటలో ఏడు మరుగుజ్జు బొమ్మలుండేవి, ఎర్ర టోపీలతో, వీధివైపు చూస్తూ. నాకు చెయ్యి ఊరుకోదు. రోజుకొకటి చొప్పున వారంలో ఏడింటినీ ఆవిడ కిటికీవైపు తిప్పాను. ఆదివారం మేము చర్చినుంచి వచ్చేసరికి మా వరండాలో చెప్పులూ బూట్లూ అన్నీ జతలు జతలుగా మా తలుపువైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాయి, ఎవరో గుంపుగా వచ్చి లోపలికి రానిమ్మని అడుగుతున్నట్టు. మా అమ్మాయి కెవ్వుమంది. నేను కంచె అవతలికి చూస్తే, ఆంటీ గులాబీలకి నీళ్ళు పోస్తోంది, ఏమీ ఎరగనట్టు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసిన మనిషి. ఆ రోజునుంచి మేమిద్దరం స్నేహితులం.

ఆవిడ కళ్ళకి వింత జబ్బు. చూపు నడిమధ్యలో మసక. అంచుల్లో మాత్రం కనిపిస్తుంది. ఎవరి ముఖమైనా చూడాలంటే, ఆ మనిషిని కాకుండా పక్కకి చూడాలి. నాతో మాట్లాడేటప్పుడు నా ఎడమ పక్కన, నా నడుమంత ఎత్తులో చూస్తూ మాట్లాడేది. అక్కడ ఎవరో నిలబడ్డట్టు. మొదట్లో నేను తల తిప్పి చూసుకునేవాణ్ణి. తర్వాత అలవాటైంది. పూర్తిగా అలవాటైందని చెప్పలేను.

ఆవిడ ముందుగదిలో ఒక ఫోటో ఉండేది. ఇంగ్లండులో స్టూడియోలో తీయించినది. ఇద్దరు కుర్రవాళ్ళు బిగుతు కోట్లలో నిలబడి ఉంటారు, మధ్యలో ఒక కుర్చీ. ఇద్దరూ చెరొక చెయ్యి కుర్చీ వీపు మీద వేశారు. కుర్చీలో ఎవరూ లేరు. ఒకరు ఆంటీ నాన్న, రెండోవాడు చిన్నాన్న. ఫోటో తీయించుకున్న వారానికి ఇద్దరూ రెండు ఓడలెక్కారు. నాన్న న్యూజీలాండ్ వచ్చాడు, చిన్నాన్న కెనడా వెళ్ళాడు. మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగాయి.

ఇక్కడికొచ్చాక కూడా ఆ నాన్న, చచ్చేదాకా, భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడట. పిల్లలు తెలియక కూర్చుంటే కొట్టేవాడు కాదు, లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఎవరిది నాన్నా అని అడిగితే మాట మార్చేవాడు. ఆంటీ పెళ్ళి చేసుకోలేదు, అన్న ఒకడుంటే యుద్ధంలో పోయాడు. మిగిలింది ఆవిడా, ఆ కుర్చీ. నేను చూసిన కుర్చీ అదే. సన్న కాళ్ళది, వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ. దాని మీద పిల్లి కూడా ఎక్కేది కాదు. దాని చుట్టూ తిరిగి, కాళ్ళకి కాదు, కాళ్ళ మధ్య గాలికి ఒళ్ళు రుద్దుకునేది.

"నేను పోయేలోపు ఆ కుర్చీ ఎవరిదో తెలియాలి" అని ఒకరోజు చెప్పింది. "నాకూ తెలియకుండానే నేను పోతే, అక్కడ ఎవరున్నారో వాళ్ళు ఇక ఎప్పటికీ లేనట్టే."

అలా ఆదివారం మధ్యాహ్నాలు నేను ఆవిడకి కళ్ళయ్యాను. లైబ్రరీకి కారులో తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక యంత్రంలో పాత ఓడల ప్రయాణికుల జాబితాలు రీళ్ళు రీళ్ళుగా తిప్పి చూడాలి. పొలం పనివాడు, వడ్రంగి, పనిమనిషి, కూలి. చదువుతుంటే నాకు మా ఊళ్ళో రేషన్ కార్డుల లిస్టు గుర్తొచ్చేది. ఇంగ్లండు చర్చీల్లో బాప్తిస్మాల పుస్తకాల నకళ్ళు పోస్టులో తెప్పించేది. కెనడాలో ఏ ఊళ్ళో ఇంగ్లీషువాళ్ళు సెటిల్ అయ్యారంటే ఆ ఊరి చర్చికి ఉత్తరం. ఆవిడ చెప్పేది, నేను రాసేవాణ్ణి. నా స్పెల్లింగులు చూసి కెనడావాళ్ళు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

దొరికిన ప్రతి పేరూ ఒక పెద్ద చార్టు మీద లావు పెన్నుతో తానే రాసుకునేది, ముక్కు కాగితానికి ఆనించి, పక్కకి చూస్తూ. ఒకసారి ముత్తాత భార్య పేరు దొరక్కపోతే, 'మేరీ అని రాసెయ్యండి ఆంటీ, ఆ రోజుల్లో సగంమంది మేరీలే' అన్నాను. పెన్ను కింద పెట్టేసింది.

"తెలియని చోట ఖాళీ వదలాలి. అబద్ధం రాస్తే, నిజం మనిషి వచ్చినప్పుడు కూర్చోవడానికి చోటుండదు."

ఆ మాట అన్నప్పుడు కూడా నా పక్కనే చూస్తోంది.

రెండేళ్ళ తర్వాత కెనడా నుంచి ఉత్తరం వచ్చింది. చిన్నాన్న మనవరాలు, ఆవిడకీ అరవై దాటాయి, చేత్తో మూడు పేజీలు రాసింది. చిన్నాన్న గోధుమ పొలాలు చేశాడని, ఆరుగురు పిల్లలని, ముసలితనంలో మాటపోయిందని. నేను ముక్కుతూ మూలుగుతూ చదువుతున్నాను. ఆంటీ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. మూడో పేజీలో వచ్చింది. ఆ ఇంట్లోనూ ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేదట. ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదట. అది లిజ్జీది. అన్నదమ్ములిద్దరికీ చెల్లెలు. ఓడ ఎక్కకముందే, ఏడేళ్ళప్పుడు, జ్వరం వచ్చి పోయింది.

నేను ఉత్తరం మడిచాను. ఆంటీ లేచి, కెటిల్ పెట్టి, మూడు కప్పులు తెచ్చింది. ఒకటి నాకు, ఒకటి తనకి, మూడోది కుర్చీ ముందు పెట్టింది. పెట్టి, వెళ్ళబోతూ ఆగి, వెనక్కి వచ్చి, ఆ కప్పుని మెల్లగా తిప్పింది. పిడి ఎడమవైపు వచ్చేలా. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎడమచేత్తో అందుకునేలా.

నేను మా ఇంటికొచ్చి, ఆ రోజు మా ఆవిడ వండిన కోడికూర ముట్టలేదు. ఎందుకో ఆఖర్న చెప్తాను.

ఆ తర్వాత రోజూ ఆ కప్పు పెట్టడం మొదలైంది. నేను ఆటపట్టించబోయాను, లిజ్జీకి పంచదార ఎన్ని చెంచాలు ఆంటీ అని. "నిన్నే అడగాలి" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కెనడాకి జవాబు రాశాం. కొన్ని నెలలకి అక్కడినుంచి గొట్టంలో చుట్టి వాళ్ళ వంశవృక్షం పంపారు, కంప్యూటర్లో అచ్చు వేసినది. అన్నదమ్ములిద్దరి మధ్యలో లిజ్జీ. నేను చదివి వినిపిస్తే, వేలితో ఆ అక్షరాల మీద తడుముతూ, "పాపం, ఎంత దూరం వచ్చింది" అంది. ఎవరి గురించి అంటోందో నేను అడగలేదు.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవి చాలా చిన్నవి. పోయినవాళ్ళ పేరు తప్పు పలకకూడదు. ఉత్తరం చివర వాతావరణం గురించి ఒక ముక్క రాయాలి, ఎందుకంటే చదివేవాళ్ళు వందేళ్ళ తర్వాతివాళ్ళు కావచ్చు, ఆ రోజు ఎండగా ఉందో లేదో వాళ్ళకి ఇంకెవరూ చెప్పరు. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడకపోతే వాళ్ళు వింటున్నారని అర్థం. ఇవన్నీ నాలాంటి వాగుడుకాయకి చెప్పడం ఆవిడ ఓపిక. నా ఇంగ్లీషుకి నవ్వని మొదటి దొరసాని ఆవిడ. నేను ఏడిపించబోతే తిరిగి ఏడిపించిన ఒకే ఒక్క మనిషి.

అంత్యక్రియలకి పదకొండుమందిమి. మా వాళ్ళం నలుగురం. పాస్టరుగారు ఆవిడకి బంధువులెవరూ లేరని చెప్తుంటే, మా అమ్మాయి నా చెవిలో "షీ హ్యాడ్ కెనడా, డాడీ" అంది.

వారం తర్వాత ఒక లాయరు వచ్చి, కుర్చీని 'పక్కింటికి' ఇమ్మని ఆవిడ వీలునామాలో రాసిందని చెప్పి మా వరండాలో దింపి వెళ్ళాడు. దాని వీపుకి, రిబ్బనుతో కట్టి, ఆవిడ చార్టు. నేను బల్లమీద పరిచాను. నాలుగు తరాలు, వణికే లావు అక్షరాలు. అన్నదమ్ముల దగ్గరికి వచ్చాను. ఇద్దరి మధ్య ఖాళీ. లిజ్జీ లేదు. కెనడావాళ్ళు అచ్చు వేసి పంపినా, ఆవిడ రాసుకోలేదు. వెతగ్గా వెతగ్గా కాగితం అంచున, ఏ గీతతోనూ కలపకుండా, విడిగా కనిపించింది: 'లిజ్జీ, పక్కింటి పిల్ల'.

ఇక దాచి లాభం లేదు. కెనడావాళ్ళకి తెలుగు రాదన్న ధైర్యంతో మీకు చెప్తున్నాను.

ఆ ఉత్తరంలో లిజ్జీ లేదు. కుర్చీ ఉన్న మాట నిజం. దాని కింద ఆ మనవరాలు రాసింది ఇదీ: 'అది ఎవరిదో తాతయ్య మాకు చెప్పలేదు. మీ నాన్నగారు మీకు చెప్పే ఉంటారు. దయచేసి మాకు రాయగలరా?' రెండేళ్ళు ఎదురుచూసిన జవాబు అదే ప్రశ్నై తిరిగొచ్చింది. ఆ ముసలి ముఖం నా పక్కకి తిరిగి వింటోంది. నా నోరు ఆ వాక్యం చదవలేకపోయింది. ఒక పేరు చదివింది. తర్వాత ఆవిడ కెనడాకి థాంక్స్ చెప్పమంటే, నేను 'ఆ కుర్చీ లిజ్జీది' అని రాసి పోస్టు చేశాను. అటువాళ్ళకి చెప్పింది ఇటువాళ్ళు, ఇటువాళ్ళకి చెప్పింది అటువాళ్ళు. మధ్యలో నేను.

లిజ్జీ మా చెల్లెలు. ఎలిజబెత్. మిషన్ స్కూల్లో టీచరమ్మ లిజ్జీ అంటే అదే నిలిచింది. గుంటూరు దగ్గర మా ఊళ్ళో, నాకు పదేళ్ళు, దానికి ఏడు. జ్వరం మూడు రోజులు. మా ఇంటి బైబిలు మొదటి పేజీలో నాన్న అందరి పేర్లూ రాశాడు. దాని పేరు పక్కన పుట్టిన తేదీ ఉంది. పోయిన తేదీ రాయలేదు, అక్కడ ఖాళీ వదిలేశాడు. ఈ దేశంలో దాని పేరు నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఎడమచేత్తో అన్నం తింటోందని అమ్మ దాని చేతిమీద కొట్టేదని అసలు చెప్పలేదు.

కుర్చీ ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. పొద్దున్నే మా ఆవిడ డ్యూటీకి వెళ్ళాక, రెండు కప్పులు పెడుతున్నాను. రెండోదాని పిడి ఎడమవైపు తిప్పి, దానికేసి నేరుగా చూడకుండా, కొంచెం పక్కకి చూస్తూ కూర్చుంటున్నాను.