వదిన ఎత్తని ఫోను

ఇంటర్నెట్ కంపెనీ కాల్ సెంటర్‌లో ఉండే ఒక అమ్మాయి మీద నేను నోరు పారేసుకున్న సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం ఆమె మీదే మండింది. "సార్, మా లైన్ బాగుంది. కంప్లయింట్ మీ ఇంట్లోనే ఉంది" అని మెత్తగా చెప్పింది. ఆ మాట ముప్పై ఏళ్ళ పాటు నేను జనానికి చెప్పిన మాట. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, ఉరవకొండ చుట్టుపక్కల శనక్కాయ చేల గట్ల వెంబడి స్తంభాలు ఎక్కీ దిగీ, చివరికి అనంతపురంలో రిటైరయ్యాను. ఎండన పడి పోయి చూస్తే లైన్ బాగుండేది, ఇంట్లో ఎవరో ఎలుకలతో వైరు కొరికించుకొనో, రిసీవర్ పక్కన పెట్టి మరిచిపోయో ఉండేవాళ్ళు. వాళ్ళను నేను తిట్టని తిట్టు లేదు. అలాంటి నాకు, నా ఇంట్లోనే తప్పుందని ఎక్కడో కూర్చున్న పిల్ల చెప్పడమా?

"ఫోన్లో ఏమైనా సెట్టింగ్స్ మార్చారా సార్" అని కూడా అడిగింది. మార్చినవన్నీ సరిగ్గానే మార్చినాను, నాకు నేర్పొద్దు అన్నాను. ఫర్మ్‌వేర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి అని ఆమె ఇంకా చెబుతుండగానే ఫోను పెట్టేశాను.

వైఫై తెగిపోతే నా పనేమీ ఆగదు. ఆగింది నా భార్య మాట. ఆమె అక్క, అంటే మా వదిన, తనకల్లులో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. పుట్టుకతోనే వినపడదు, మాట రాలేదు. బడికి పంపినవాళ్ళు లేరు, చదువు లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నతనంలో చేతులతో, కళ్ళతో తమకంటూ ఒక భాష కల్పించుకున్నారు. అది పూర్తిగా తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. కొడుక్కి ఇంటి పనులకు సరిపడా తెలుసు. నాకు నీళ్ళు, అన్నం, పోయొస్తాను, ఈ మూడు సైగలే తెలుసు. పెళ్ళయి నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళలో మూడు. అంతకు మించి నేర్చుకోవాలని నాకు ఏనాడూ అనిపించలేదు.

ఊళ్ళకు ఊళ్ళకే ఫోన్లు పెట్టినవాణ్ణి, ఒక్క వదినకు మాత్రం ఫోను ఇవ్వలేకపోయాను. వాళ్ళింట్లో ల్యాండ్‌లైన్ నేనే పెట్టించాను. ఆమె రోజూ దాని మీది దుమ్ము తుడిచేది, అంతే. వీడియో కాల్ వచ్చాక, అరవై దాటిన వయసులో, ఆమెకు మొదటిసారి ఫోను దొరికింది. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు నా భార్య వంటింట్లో పప్పు డబ్బాకు ఫోను ఆనించి కూర్చునేది. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి కదా. గంటసేపు చప్పుడు లేకుండా ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, కోప్పడేవాళ్ళు, ఒక్కోసారి ఏడ్చేవాళ్ళు. నేను ముందు గదిలో టీవీ పెట్టుకొని వార్తలు చూసేవాణ్ణి.

అలాంటి సమయంలో తెగిపోవడం మొదలైంది. కూర్చున్న రెండు మూడు నిమిషాలకే బొమ్మ బిగుసుకుపోతుంది, గుండ్రటి గుర్తు తిరుగుతుంది, కాల్ పోతుంది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. పైగా నా ఫోనుకు ఏమీ కాదు, ఆమె ఫోనుకే అవుతుంది. అందుకని ఆమె మీదే ఎగిరాను. "యాడ నొక్కుతాండావో ఏమో, నెమ్మదిగా పట్టుకోను రాదా" అన్నాను. రెండు చేతులూ గాలిలో ఉన్న మనిషి ఎక్కడ నొక్కుతుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఇంకెవరైనా అయితే నెట్ పోయిందక్కా అంటే సరిపోయేది. వదినకు ఎలా చెప్పాలి? వాళ్ళ భాషలో నెట్‌కు సైగ లేదు. నా భార్య గోడ మీది రూటరు పెట్టెను చూపించింది, పైకి చూపించింది, దారం తెంపినట్టు చేసి చూపించింది. అది చెప్పే లోపలే మళ్ళీ తెగిపోయింది. వదినకు కనపడింది ఒక్కటే. తను ఏదో చెబుతూ ఉంటుంది, చెల్లెలు చూసి చూసి మాయమైపోతుంది. మాట మధ్యలో లేచిపోయే మనిషిని ఎవరు మాత్రం ఎన్నిసార్లు ఓర్చుకుంటారు? ఒక రోజు వదిన ఫోను ఎత్తలేదు. మరుసటి రోజూ ఎత్తలేదు. మూడో రోజు నా భార్య వదిన కోడలికి ఫోను చేసి అడిగింది. "చూస్తాది చిన్నత్తా, ఎత్తదు. నేను ఎత్తబోతే చేతి మీద కొడ్తాండాది" అంది ఆ అమ్మాయి.

ఆ రోజు నా భార్య అన్నం ముందు కూర్చొని లేచిపోయింది. "మా యక్క నన్ను వద్దనుకునింది. నాకుండేది ఆయమ్మ ఒక్కతే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఊరోళ్ళందరికీ లైన్లు బాగు చేసినావు, ఈ ఒక్కటి చేతకాలేదా" అని అడిగింది. గట్టిగా కూడా అనలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఆమె అన్నది నిజం కాబట్టి.

రూటర్ మీద పడ్డాను. బీరువా పక్కన ఉన్నదాన్ని పీకి వంటింటి గుమ్మం పైన కొట్టాను. తెగింది. అడుగున అంటించిన చీటీలో చీమంత అక్షరాల్లో ఉన్న పాస్‌వర్డును నా భార్య కళ్ళద్దాలు నేను పెట్టుకొని చదివి, పాత ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిచాను. మా వీధిలో ఇంటికొక రూటరుంది, అన్నీ ఒకే ఛానల్ మీద అరుచుకుంటున్నాయేమోనని ఛానల్ మార్చాను. రెండు రకాల సిగ్నళ్ళు ఒకే పేరు మీద ఉంటే విడదీశాను. ప్రతి మార్పుకూ అది ఒక నిమిషం చచ్చి బతికేది. బతికాక, టీవీ ముందు కూర్చొని, నా భార్య ఫోను నుంచి నా ఫోనుకు వీడియో కాల్ చేసి చూసేవాణ్ణి, రెండు నిమిషాల్లో తెగిపోయేది. ఎవరో మా వైఫై దొంగతనంగా వాడుకుంటున్నారని పక్కింటి గోడ వైపు చూసి కేకలు వేశాను. పక్కింటాయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, ఆయన తప్పేం లేదు.

చివరికి ఆ పిల్ల చెప్పిన ఫర్మ్‌వేరే మిగిలింది. రూటరును లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాం అది. కొత్తది ఎక్కించేటప్పుడు మధ్యలో కరెంటు పోతే రూటరు ఇంక దేనికీ పనికిరాదని రాశారు. మా ఊరి కరెంటును నమ్ముకొని ఆ పని చెయ్యలేను. ఇన్వర్టర్ బ్యాటరీకి తగిలించి, నొక్కి, ఆ శాతాల అంకె పెరుగుతుంటే కదలకుండా కూర్చున్నాను. ఎక్కింది. రూటరు లేచాక సెట్టింగ్స్‌లో ఇదివరకు లేని ఒక పేజీ వచ్చింది. లోపల ఏం జరిగినా వరుసగా రాసిపెట్టే పేజీ. ముందు గదిలోకి పోయి టీవీ పెట్టుకొని, వార్తలు వింటూ, మళ్ళీ ఇద్దరి ఫోన్ల మధ్య కాల్ పెట్టాను. తెగింది. పేజీ తెరిచాను. ఒకే వాక్యం కిందికీ పైకీ నిండిపోయి ఉంది. ఒకే నంబరు రెండు పరికరాలకు ఉందట. ఆ నంబరు చివర రెండు.

ఆ రెండు నేనిచ్చిందే.

వైఫైలో ఉన్న ప్రతి పరికరానికీ రూటరు తనంతట తాను ఒక నంబరు ఇస్తుంది. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. ముప్పై ఏళ్ళు నంబర్ల మధ్య బతికిన నాకు అది నచ్చలేదు. సొంత నంబరు లేని ఫోను ఫోనెలా అవుతుంది? అందుకని ఎక్స్‌ఛేంజిలో రాసినట్టు నోటుబుక్కులో గళ్ళు గీసి, ఫోన్లలో నంబర్లు నేనే కొట్టాను. ఒకటి రూటరుది. ఇంటావిడ కాబట్టి నా భార్యకు మొదటి స్థానం, రెండు. నాకు మూడు. మాట్లాడని వస్తువుకు నంబరెందుకని, వైఫైతో నడిచే మా కొత్త టీవీని వదిలేశాను. నేను రాసుకున్నది రూటరుకు తెలియదు కదా. టీవీ పెట్టగానే దానికి ఖాళీగా కనపడిన మొదటి నంబరు తీసి ఇచ్చింది, అదే రెండు. మా రోజుల్లో దీన్ని క్రాస్ కనెక్షన్ అనేవాళ్ళం. ఇలాంటిది చేసినవాణ్ణి నేను అందరి ముందూ కడిగేసేవాణ్ణి.

అంటే రోజూ మూడు గంటలకు ఆమె ఫోను ముందు కూర్చోవడం, నేను పోయి టీవీ పెట్టడం, వాళ్ళ మాట తెగడం. నా చేతి రిమోటుతో నేనే తెంపాను. కొత్త టీవీ వచ్చిన నెలలోనే ఇదంతా మొదలైంది. ఆ రెండూ కలిపి చూసే తెలివి లేకపోయింది నాకు. కంప్లయింట్ నిజంగానే మా ఇంట్లో ఉంది. సోఫాలో కూర్చొని ఉంది.

ఫోన్లను మామూలుగా రూటరు నంబరే తీసుకునేట్టు మార్చి, నోటుబుక్కు చించి పారేశాను. నా భార్యకు జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. "సరే, ఇప్పుడు మా యక్కకు నువ్వే చెప్పు" అంది. టీవీ ఆన్ చేసి ఉంచి, తనకల్లుకు రెండుసార్లు కాల్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది.

మరుసటి రోజు కదిరి మీదుగా తనకల్లుకు బస్సులో పోయాం. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. నాకు తెలిసిన నీళ్ళు, అన్నం, పోయొస్తాతో తప్పు ఒప్పుకోవడం ఎలా? వదిన అరుగు మీద కూర్చొని ఉంది. చెల్లెల్ని చూడగానే లేచి, రెండు చేతులతో ముఖం తడిమి, వాటేసుకుంది. కోపంతో ముఖం తిప్పుకుంటుందని మేము భయపడింది వృథా అయింది. నేను ఆమె ఎదురుగా నిలబడి, గోడకున్న వైరును చూపించి, నా గుండె మీద వేలు పెట్టుకొని, చెంపలు వేసుకున్నాను. అది మాత్రం ఎవరికైనా తెలిసేదే.

వదిన నన్ను కాసేపు చూసి లోపలికి పోయి తన ఫోను తెచ్చుకుంది. చెల్లెలి ఫోను చూపించి, చెయ్యమంది. నా భార్య చేసింది. వదిన చేతిలో ఫోను వణుకుతూ వెలిగింది. తెర నిండా నా భార్య ఫొటో, తలలో కనకాంబరాలతో. వదిన ఎత్తలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకొని ఆ ఫొటో మీద వేలితో రాసింది. తర్వాత ఆకుపచ్చ గుర్తు చూపించి, వద్దన్నట్టు తల ఊపి, పిడికిలి బిగించి వదిలేసింది. ఖాళీ అరచెయ్యి నా ముఖం ముందు పెట్టింది. నా భార్య ఏదో చెప్పబోతే ఆగమన్నాను. నాకు అర్థమైంది. ఎత్తితే చెల్లెలు పోతుంది. ఎత్తకపోతే, మోగినంత సేపూ ఉంటుంది. ఆమె ఎత్తలేదని మేము ఏడ్చిన రోజులన్నీ ఆమె ఆ ముఖం చూస్తూ కూర్చుంది.

అంతటితో ఆపలేదు. మూడు వేళ్ళు చూపించి, ఆరిపోయిన తెరను చూపించి, ఎందుకన్నట్టు చెయ్యి తిప్పింది. చెల్లెల్ని కాదు, నన్ను అడిగింది. నిన్నటికి ముందు మూడు రోజులు ఫోను మోగనే లేదు. రూటరు బాగయ్యే దాకా ఆయమ్మకు చెయ్యొద్దు, మళ్ళా తెగితే ఇంకా కోపం వస్తాదని నా భార్య చేతిలోంచి ఫోను లాక్కొని, నా పరీక్షలకు తప్ప బయటికి తియ్యకుండా, బీరువాలో పెట్టింది నేను.